లేజరా, సింక్రోట్రానా, క్వాంటమా, లిగోనా: ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత ఏ ల్యాబ్‌కు వెళ్ళాలి?

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ వైపు నుంచి ఫిజిక్స్ చదువుతున్న మన పిల్లలు ఈమధ్య ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, కాంతి మీద రీసెర్చ్ చేయాలని ఉంది. లేజర్లకు పోవాలా, క్వాంటమ్‌కు పోవాలా, మన పక్కనే ఔండాలో వస్తున్న లిగోకు పోవాలా?" (లిగో అంటే గురుత్వ తరంగాలను, అంటే స్థలకాలంలో పుట్టే అతిచిన్న అలలను, లేజర్‌తో పట్టే పరిశోధనశాల.) ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బీఎస్సీకి వచ్చేసరికి పుస్తకాలన్నీ ఇంగ్లీషు, అలా మూడు భాషల మధ్య నెట్టుకొచ్చి ఎమ్మెస్సీ దాకా చేరినవాళ్ళకు, ఇక్కడి నుంచి ఏ దారి ఎటు పోతుందో చెప్పేవాళ్ళు నాందేడ్ జిల్లాలో తక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఏ రంగానికి నోబెల్ వచ్చిందో చూసి ఎంచుకోవద్దు, ఎందుకంటే దాదాపు అన్నిటికీ వచ్చింది. తీవ్రమైన చిన్న లేజర్ పల్సులకు 2018లో, అటోసెకను పల్సులకు 2023లో, లిగోకు 2017లో, ఎంటాంగిల్‌మెంట్ (రెండు కణాలు దూరంగా ఉన్నా ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటం) ప్రయోగాలకు 2022లో, నిరోధం లేకుండా కరెంటు పారే సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్లలో క్వాంటమ్ ప్రభావాలకు 2025లో, పరమాణువులను లేజర్‌తో చల్లబరచడానికి 1997లోనే. సింక్రోట్రాన్‌కు (ఎలక్ట్రాన్లను గుండ్రంగా తిప్పి ఎక్స్‌-రేలు పుట్టించే యంత్రం) నేరుగా రాకపోయినా వెంకట్రామన్ రామకృష్ణన్ గారికి 2009లో కెమిస్ట్రీ నోబెల్ తెచ్చిన రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే భాగం) నిర్మాణం సింక్రోట్రాన్ ఎక్స్‌-రేలు లేకుండా తేలేది కాదు. కాబట్టి గొప్పతనం లెక్కన తేడా లేదు. తేడా అంతా అయిదారేళ్ళపాటు మీ రోజు ఎలా గడుస్తుందన్న దాంట్లో ఉంది.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

మొదటిది చేతిపని. అద్దం స్క్రూను వెంట్రుకవాసి తిప్పి, కిరణం సరైన చోట పడిందా అని చూసి, మళ్ళీ తిప్పే పని గంటలకొద్దీ చేయగలరా? కొందరికి అదే ఆనందం, కొందరికి రెండో రోజుకే విసుగు. దీన్ని ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లోనే గమనించుకోవచ్చు.

రెండోది, మీరు పరికరాన్ని కట్టాలనుకుంటున్నారా, కట్టి ఉన్న పరికరాన్ని వాడాలనుకుంటున్నారా. ఇది చాలామంది అడగని ప్రశ్న, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా. కట్టే ల్యాబ్‌లో మొదటి రెండు మూడేళ్ళు ఫలితం కనిపించకపోవచ్చు. వాడే చోట ఫలితాలు తొందరగా వస్తాయి, కానీ పరికరం లోపల ఏం జరుగుతుందో పూర్తిగా మీ చేతిలో ఉండదు.

మూడోది ఇంటి పరిస్థితి. పీహెచ్‌డీ చేసేవాళ్ళకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000 రూపాయలు, దానికి తోడు ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ). ఒక్కరికి సరిపోతుంది, ఇంటికీ కొంత పంపొచ్చు. కానీ చెల్లెలి పెళ్ళి, నాన్న వైద్యం లాంటివి మీ మీదే ఉంటే ఎన్నేళ్ళలో ఉద్యోగం దొరుకుతుందన్నది పక్కన పెట్టలేరు. దాని గురించి సిగ్గుపడాల్సిన పనీ లేదు.

నాలుగోది, పీహెచ్‌డీ తర్వాత ప్రొఫెసర్ ఉద్యోగం రాకపోతే చేతిలో ఏం మిగులుతుంది.

## టేబుల్ మీది లేజర్లు: ఫెమ్టోసెకను, అటోసెకను

సెకనులో పదిలక్షల వంతు తీసుకుని, దాన్ని మళ్ళీ వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఫెమ్టోసెకను. టైటానియం-సఫైర్ లేజర్ నుంచి ఇలాంటి కొన్ని పదుల ఫెమ్టోసెకన్ల పల్సులు వస్తాయి, 800 నానోమీటర్ల దగ్గర. వాటిని నేరుగా పెద్దవి చేస్తే యాంప్లిఫయర్ స్ఫటికమే కాలిపోతుంది. అందుకని 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూ ఒక ఉపాయం చేశారు: పల్సును ముందు సాగదీసి పలచన చేయాలి, ఆ తర్వాత శక్తి పెంచాలి, చివర్లో మళ్ళీ కుదించాలి. ఈ రోజు రొమేనియాలోని 10 పెటావాట్ల లేజర్ నుంచి కంటి ఆపరేషన్ చేసే ఫెమ్టో లేజర్ దాకా అన్నిటి వెనకా ఉన్నది ఆ ఉపాయమే.

అటోసెకను ఇంకా వెయ్యో వంతు. ఇక్కడ ఒక అందమైన చిక్కు ఉంది. 800 నానోమీటర్ల కాంతి ఒక్కసారి పైకీ కిందికీ ఊగడానికే దాదాపు 2.7 ఫెమ్టోసెకన్లు పడుతుంది, అంటే ఆ కాంతితో అంతకన్నా బాగా చిన్న పల్సు చేయడం కుదరదు. అందుకే బలమైన లేజర్‌ను ఆర్గాన్ లాంటి వాయువులో కేంద్రీకరించి, దాని నుంచి అతినీలలోహిత కాంతి కన్నా చిన్న తరంగదైర్ఘ్యపు కాంతిని పుట్టిస్తారు. ఆన్ లూయీలియే 1987లో చూసిన ఆ ప్రక్రియ నుంచే 2001లో పియర్ అగోస్తినీ, ఫెరెంక్ క్రౌజ్ అటోసెకను పల్సులు తీసి కొలిచారు. ఇప్పుడు పరమాణువులో ఎలక్ట్రాన్ కదలికను ఆ కాలమానంలో చూస్తున్నారు.

మన దగ్గర ఈ పని ముంబై టీఐఎఫ్‌ఆర్ (టాటా మూల పరిశోధన సంస్థ)లో, ఇండోర్ ఆర్‌ఆర్‌క్యాట్ (రాజా రామన్న అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ కేంద్రం)లో, టీఐఎఫ్‌ఆర్ హైదరాబాద్‌లో ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫెమ్టోసెకను లేజర్లతో పేలుడు పదార్థాలను గుర్తించే పని కూడా చేస్తున్నారు. ధర్మాబాద్‌లో రైలెక్కితే బాసర, నిజామాబాద్ మీదుగా హైదరాబాద్ అంత దూరమేమీ కాదు, పైగా అక్కడ హాస్టల్లో తెలుగు వినిపిస్తుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మొదటి ఏడాది టెన్షన్‌లో అదెంత బలమో అనుభవించినవాళ్ళకు తెలుసు.

రోజు ఎలా ఉంటుంది? చీకటి గది, ఏసీ చలి, కళ్ళకు గాగుల్స్. ఆ గాగుల్స్ విషయంలో మాత్రం ఎవరి మాటా వినొద్దు. 800 నానోమీటర్ల కాంతి కంటికి ఎర్రగా, మసకగా, బలహీనంగా కనిపిస్తుంది, కానీ రెటీనాను క్షణంలో కాల్చేస్తుంది. సీనియర్లు వేసుకోకపోయినా మీరు వేసుకోండి.

ఒక ల్యాబ్‌లో నలుగురైదుగురే ఉంటారు కాబట్టి గైడ్‌తో పొసగకపోతే తప్పించుకునే చోటు ఉండదు. చేరే ముందు ఆ ల్యాబ్ విద్యార్థులతో విడిగా మాట్లాడి తీరాలి. ఇక పీహెచ్‌డీ తర్వాత సంగతి చూస్తే, నా అంచనాలో కంపెనీ ఉద్యోగాలకు అన్నిటికన్నా దగ్గరి దారి ఇదే. లేజర్ కటింగ్, వెల్డింగ్, వైద్య పరికరాలు, రక్షణ రంగం ఉన్నాయి. చిప్పుల తయారీకి వాడే 13.5 నానోమీటర్ల కాంతిని కూడా సెకనుకు 50,000 తగరం చుక్కల మీద కార్బన్ డయాక్సైడ్ లేజర్ కొట్టి పుట్టిస్తారు. ఆప్టిక్స్ అలైన్‌మెంట్ బాగా వచ్చినవాళ్ళకు పని దొరక్కపోవడం అరుదు.

## సింక్రోట్రాన్, ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్

కాంతి వేగానికి చాలా దగ్గరగా పరుగెత్తే ఎలక్ట్రాన్లను అయస్కాంతాలతో మలుపు తిప్పితే, తడి రోడ్డు మీద తిరిగే సైకిల్ చక్రం నుంచి నీళ్ళు చిమ్మినట్టు, ఆ మలుపు దగ్గర కాంతి చిమ్ముతుంది. ఎలక్ట్రాన్ శక్తి చాలినంత ఉంటే ఆ కాంతి ఎక్స్‌-రే అవుతుంది. మన దేశంలో ఇది ఇండోర్‌లోనే ఉంది: 1999 నుంచి ఇండస్-1, దాని తర్వాత కట్టిన 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఇండస్-2. ఇండస్-2 చుట్టుకొలత 172.5 మీటర్లు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లోని ఈఎస్‌ఆర్‌ఎఫ్ సింక్రోట్రాన్‌ది 844 మీటర్లు, 6 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, 2020లో కొత్తగా మార్చి తెరిచాక దాని ఎక్స్‌-రేల ప్రకాశం చాలా రెట్లు పెరిగింది. హాంబర్గ్ దగ్గర 3.4 కిలోమీటర్ల యూరోపియన్ ఎక్స్‌ఫెల్ అనే ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్ (ఎలక్ట్రాన్లను అయస్కాంతాల వరుసలో అటూ ఇటూ ఊపి లేజర్ లాంటి ఎక్స్‌-రే మెరుపులు తీసే యంత్రం) 2017 నుంచి నడుస్తోంది, అది సెకనుకు 27,000 ఎక్స్‌-రే మెరుపులు ఇవ్వగలదు. అలాంటిదే అయిన అమెరికాలోని ఎల్‌సీఎల్‌ఎస్-2 మొదటి కాంతి 2023లో వచ్చింది, దాని లక్ష్యం సెకనుకు పదిలక్షలు.

ఇక్కడ మీరు ఎక్కువగా వాడుకరి. మీ దగ్గర ఒక కొత్త పదార్థం ఉంటుంది, బ్యాటరీదో ఉత్ప్రేరకమో అయస్కాంతమో. దాన్ని ఎందుకు, ఎలా పరీక్షించాలో ప్రపోజల్ రాస్తారు. ఒప్పుకుంటే కొన్ని రోజుల బీమ్‌టైమ్, అంటే ఆ ఎక్స్‌-రే కిరణాన్ని వాడుకునే సమయం, ఇస్తారు. ఆ కొన్ని రోజులు నిద్ర ఉండదు, అర్ధరాత్రి రెండింటికి శాంపిల్ మార్చుతూ, బీమ్ పోయిందని కంగారు పడుతూ, షిఫ్టులు వేసుకుని గడుపుతారు. తర్వాత నెలల తరబడి ఆ డేటాతో కూర్చుంటారు. హాంబర్గ్ పెట్రా-3లో, ఇటలీ త్రియెస్తెలోని ఎలెత్రాలో, జపాన్ ఫోటాన్ ఫ్యాక్టరీలో భారత పరిశోధకులకు ఏర్పాట్లు ఉన్నాయి కాబట్టి విదేశం వెళ్ళి రావడం కూడా ఈ దారిలో మామూలు విషయం.

మన జిల్లాల పిల్లలకు ఈ దారి మీద నాకు కొంచెం ఎక్కువ మొగ్గు ఉంది, దాచను. కారణం చెబుతాను. కొన్ని కాలేజీల్లో ఆప్టిక్స్ ల్యాబ్ అంటే ఒక హీలియం-నియాన్ లేజర్, ఒక గ్రేటింగ్, అంతే. అలాంటి చోట నుంచి వచ్చినవాళ్ళు నేరుగా ఫెమ్టోసెకను ల్యాబ్‌లో చేరితే మొదటి ఏడాది బాగా నలుగుతారు. సింక్రోట్రాన్ వైపు అయితే క్రిస్టలోగ్రఫీ, ఘనస్థితి భౌతికశాస్త్రం, ఎక్స్‌-రే డిఫ్రాక్షన్ లాంటి ఎమ్మెస్సీ పేపర్లు నేరుగా పనికొస్తాయి, తప్పు చేస్తే సరిదిద్దడానికి ఆ కిరణం దగ్గరి పరికరాలు చూసుకునే బీమ్‌లైన్ సైంటిస్టు పక్కనే ఉంటారు. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ వాళ్ళకూ తలుపు తెరిచే ఉంటుంది. ఇండోర్‌లో ఆర్‌ఆర్‌క్యాట్‌తో పాటు యూజీసీ-డీఏఈ సీఎస్‌ఆర్ కేంద్రం కూడా పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకుంటుంది. యాక్సిలరేటర్ (ఎలక్ట్రాన్ల వేగం పెంచే యంత్రం) కట్టే పనే ఇష్టమైతే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్ ద్వారా సైంటిఫిక్ ఆఫీసర్‌గా వెళ్ళొచ్చు, అది స్థిరమైన ప్రభుత్వ ఉద్యోగం.

లోటు కూడా చెప్పాలి. బీమ్‌టైమ్ మీ చేతిలో ఉండదు. ప్రపోజల్ తిరిగొస్తే ఆరు నెలలు ఊరికే పోతాయి. పేపర్లో పదిమంది పేర్ల మధ్య మీ పేరు ఉంటుంది. ఏ శాంపిల్ ఎందుకు ముఖ్యమో మీకై మీరు ఆలోచించకపోతే, ఇతరుల శాంపిళ్ళు కొలిచిపెట్టే మనిషిగా మిగిలిపోతారు.

## చల్లని పరమాణువులు

రుబీడియం పరమాణువు మామూలు గది ఉష్ణోగ్రతలో సెకనుకు సుమారు 300 మీటర్ల వేగంతో తిరుగుతుంది. 780 నానోమీటర్ల లేజర్‌ను సరైన పౌనఃపున్యానికి కొంచెం తక్కువలో పెట్టి ఆరు వైపుల నుంచి కొడితే, అది సెకనుకు పది పదిహేను సెంటీమీటర్ల వేగానికి దిగుతుంది. వేగం తగ్గడమంటే చల్లబడటమే. ఇంకా చల్లబరిస్తే, 1924లో సత్యేంద్రనాథ్ బోస్ వేసిన లెక్క దారి చూపిన ఘనీభవనం (పరమాణువులన్నీ ఒకే క్వాంటమ్ స్థితిలోకి చేరడం) కళ్ళముందు కనిపిస్తుంది. ప్రయోగశాలలో అది సాధ్యమైంది 1995లో. స్ట్రాన్షియం ఆప్టికల్ గడియారాలు ఇప్పుడు విశ్వం వయసంత కాలంలో కూడా ఒక్క సెకను తప్పనంత కచ్చితంగా ఉన్నాయి, సెకను నిర్వచనాన్నే సీజియం నుంచి వీటికి మార్చాలన్న పని సాగుతోంది.

నాకు వీటన్నిటిలో మనసుకు దగ్గరది ఇదే. కానీ అన్నిటికన్నా కష్టమైనది కూడా ఇదే. మామూలు గాలి పీడనంలో లక్ష కోట్ల వంతు కన్నా తక్కువ ఉండే వాక్యూమ్ కావాలి, దానికోసం చాంబర్‌ను రోజుల తరబడి వేడిచేయాలి, ఒక చిన్న లీకు ఉంటే మళ్ళీ మొదటికి. లేజర్ పౌనఃపున్యాన్ని పట్టి ఉంచే ఎలక్ట్రానిక్స్ మీరే సోల్డరింగ్ చేయాల్సి వస్తుంది, కంట్రోల్ ప్రోగ్రామ్ మీరే రాయాలి. అన్నీ ఒకేరోజు పనిచేసిన రోజు పండగ. పుణె ఐసర్, ఐయూకా, బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, ముంబై టీఐఎఫ్‌ఆర్ ఈ పనికి పేరున్న చోట్లు. చిన్నప్పటి నుంచి రేడియో విప్పి బిగించిన చేతులు, ఓపిక, ఇంటి నుంచి తొందర లేకపోవడం, ఈ మూడూ ఉంటే వెళ్ళండి. మూడింటిలో ఒకటి లేకపోయినా ఆలోచించుకోండి.

## క్వాంటమ్ కమ్యూనికేషన్, కంప్యూటింగ్

డబ్బు ఇప్పుడు ఇటు ప్రవహిస్తోంది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకున్న నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు 2030-31 వరకు 6,003.65 కోట్లు. కంప్యూటింగ్‌కు బెంగళూరు ఐఐఎస్‌సీ, కమ్యూనికేషన్‌కు మద్రాసు ఐఐటీ, సెన్సింగ్‌కు బొంబాయి ఐఐటీ, పదార్థాలకు ఢిల్లీ ఐఐటీ కేంద్రాలు. 2021లో ఇస్రో అహ్మదాబాద్‌లో 300 మీటర్ల దూరం గాలిలో ఫోటాన్లతో (కాంతి కణాలతో) రహస్య కీ, అంటే సందేశానికి తాళం వేసే సంకేతం, పంపింది. 2022లో డీఆర్‌డీఓ, ఢిల్లీ ఐఐటీ కలిసి ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య 100 కిలోమీటర్లకు పైగా ఫైబర్‌లో ఆ పని చేశాయి. అమరావతిలో ఐబీఎం, టీసీఎస్‌లతో 156 క్యూబిట్ల (క్వాంటమ్ బిట్ల) యంత్రం పెడతామని 2025లో ప్రకటించారు.

దీంట్లో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీసి చూడండి. ఒకటి ఫోటాన్ల ల్యాబ్: స్ఫటికం నుంచి జంట ఫోటాన్లు పుట్టించి, డిటెక్టర్లతో ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం. ఇది పక్కా ఆప్టిక్స్. రెండోది కంప్యూటింగ్ వైపు అల్గారిథమ్‌లు, ఎర్రర్ కరెక్షన్, ఇది లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్. సూపర్‌కండక్టింగ్ చిప్పు చేసేవాళ్ళ పని మళ్ళీ వేరు, వాళ్ళు పరమశూన్యానికి డిగ్రీలో వందో వంతు పైన నడిచే ఫ్రిజ్‌లతో కుస్తీ పడతారు. "క్వాంటమ్ చేస్తాను" అంటే ఈ మూడింటిలో ఏదో మీకే తెలియాలి.

మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో క్వాంటమ్ ఉద్యోగం అని వేలకు వేలు అడిగేవాళ్ళ జోలికి పోవద్దు. క్వాంటమ్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్, పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. డబ్బు ఎక్కువున్నచోట పోటీ కూడా ఎక్కువే, మిషన్ గడువు అయ్యాక ఎంత మిగులుతుందో ఇప్పుడే లెక్కగట్టడం కష్టం.

## పక్కనే ఉన్న లిగో

ఔండా నాగనాథ్‌కు మనవాళ్ళు జ్యోతిర్లింగ దర్శనానికి వెళ్ళొస్తూనే ఉంటారు. ఆ హింగోలి జిల్లాలోనే 4 కిలోమీటర్ల పొడవైన రెండు చేతులతో లిగో-ఇండియా రావాలి. 2016లో సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు, 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్లు మంజూరయ్యాయి. ఆర్‌ఆర్‌క్యాట్, గాంధీనగర్ ఐపీఆర్, పుణె ఐయూకా దీన్ని నడిపిస్తున్నాయి. 1064 నానోమీటర్ల లేజర్‌ను రెండుగా చీల్చి, 40 కిలోల గాజు అద్దాల మధ్య తిప్పి, గురుత్వ తరంగం వచ్చినప్పుడు ఆ అద్దాల్లో కలిగే, ప్రోటాన్ వ్యాసంలో వెయ్యో వంతు కన్నా చిన్న కదలికను పట్టుకోవాలి. అమెరికాలోని లిగోలో 2019 నుంచి స్క్వీజ్డ్ కాంతి వాడుతున్నారు, కాంతికే ఉన్న క్వాంటమ్ గందరగోళాన్ని తగ్గించడానికి. లేజర్, వాక్యూమ్, క్వాంటమ్ ఆప్టిక్స్ మూడూ ఒకేచోట కలిసే పని ఇది.

అయినా "దగ్గర కదా" అన్న ఒక్క కారణంతో దీన్ని ఎంచుకోవద్దు. ఇంత పెద్ద యంత్రం కట్టి, వాక్యూమ్ తీసి, సరిచేసి, డేటా తీసే దాకా చాలా కాలం పడుతుంది. ఇప్పుడు పీహెచ్‌డీలో చేరేవాళ్ళు ఎక్కువగా అమెరికా, ఇటలీ డిటెక్టర్ల డేటాతోనో, పుణెలో, ఇండోర్‌లో భాగాల మీదో పనిచేయాల్సి వస్తుంది. డేటా విశ్లేషణ ఇష్టమైతే అదేమీ నష్టం కాదు, సంకేతాలను గుర్తించే ఆ గణితం నేర్చినవాళ్ళను డేటా సైన్స్ కంపెనీలూ తీసుకుంటాయి. ఇంకో సంగతి, డిప్లొమా, ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలకు కూడా ఇక్కడ వాక్యూమ్, సివిల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ పనులు పడతాయి. ఫిజిక్స్ వాళ్ళే పోవాలని లేదు.

## ఒకే చూపులో

| దారి | కట్టడమా, వాడటమా | మొదటి ఫలితం | ఎక్కడ | కంపెనీ ఉద్యోగాలు |
|---|---|---|---|---|
| ఫెమ్టో, అటో లేజర్లు | రెండూ | మధ్యస్థం | హైదరాబాద్, ముంబై, ఇండోర్ | బాగున్నాయి |
| సింక్రోట్రాన్ | ఎక్కువగా వాడటం | త్వరగా | ఇండోర్, విదేశాలు | పదార్థాల రంగంలో ఉన్నాయి |
| చల్లని పరమాణువులు | ఎక్కువగా కట్టడం | ఆలస్యం | పుణె, బెంగళూరు, ముంబై | తక్కువ, పెరుగుతున్నాయి |
| క్వాంటమ్ సమాచారం | పనిని బట్టి | పనిని బట్టి | ఐఐటీలు, ఐఐఎస్‌సీ | పోటీ ఎక్కువ |
| లిగో | కట్టడం లేదా డేటా | డేటా వైపు త్వరగా | పుణె, ఇండోర్, ముందుముందు ఔండా | డేటా వైపు బాగున్నాయి |

## మీ పరిస్థితికి ఏది

ఇంటి బాధ్యత మీ మీద ఉండి, అయిదారేళ్ళలో స్థిరపడాలంటే ముందు బార్క్ ట్రైనింగ్ స్కూల్, అది కాకపోతే హైదరాబాద్‌లో లేజర్ల పీహెచ్‌డీ చూడండి. ల్యాబ్ అనుభవం తక్కువ, కానీ చదివి అర్థం చేసుకునే శక్తి బాగా ఉంటే సింక్రోట్రాన్. కంప్యూటర్ ముందు గంటలు ఇట్టే గడిచిపోతాయంటే లిగో డేటా లేదా క్వాంటమ్ అల్గారిథమ్‌లు, రెండింటికీ పైథాన్ ఇప్పుడే మొదలుపెట్టాలి. విసుగు లేకుండా విప్పి బిగించే చేతులుంటే చల్లని పరమాణువులు.

ఆడపిల్లల విషయంలో ఇంట్లో అడిగేది రాత్రి షిఫ్టుల గురించి. సింక్రోట్రాన్‌లో రాత్రి పని తప్పదు. అయితే అది ఏడాదిలో కొన్ని రోజులు, క్యాంపస్ లోపల, జట్టుతో కలిసి చేసే పని, గెస్ట్‌హౌస్ పక్కనే ఉంటుంది. ఈ వివరం అమ్మానాన్నలకు ముందే చెబితే సగం అభ్యంతరాలు పోతాయి. కుదిరితే ఒకసారి వాళ్ళను క్యాంపస్‌కు తీసుకెళ్ళి చూపించండి.

ఇంకా తేల్చుకోలేకపోతే పీహెచ్‌డీ దాకా ఆగకుండా ఒక వేసవి ఏదైనా ల్యాబ్‌లో గడపండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్, టీఐఎఫ్‌ఆర్ వారి వీఎస్‌ఆర్‌పీ ఇందుకే ఉన్నాయి, చదువుతుండగానే అప్లై చేయొచ్చు. దరఖాస్తులో ఇంగ్లీషు తడబడుతుందని భయపడి ఆగిపోయేవాళ్ళే మన వైపు ఎక్కువ. ఏం చేయాలనుకుంటున్నారో చిన్న వాక్యాల్లో సూటిగా రాస్తే చాలు. బీఎస్సీ చివరి ఏడాదిలో ఉంటే ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కోసం సీయూఈటీ పీజీ రాయండి. ఎమ్మెస్సీలో ఉంటే పీహెచ్‌డీకి దారితీసే నెట్, గేట్, జెస్ట్ పరీక్షలు మూడూ రాయండి, సిలబస్‌లో చాలా భాగం ఒకటే. ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టే ముందు ఆ ల్యాబ్ ఈమధ్య వేసిన పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థం కాని ఒక చోటు గురించి ప్రశ్న రాయండి. జవాబు వస్తే, తర్వాతి మెయిల్‌లో ఆ ల్యాబ్ విద్యార్థి ఒకరితో మాట్లాడించమని అడగండి.